ఒరిజినలేనా?

పాత లారీ కొనడానికి వచ్చినవాడు మొదట అడిగే ప్రశ్న ఒకటే. ఒరిజినలేనా? ఇంజను ఒరిజినలేనా, గేరు బాక్సు ఒరిజినలేనా, హౌసింగు ఒరిజినలేనా? అమ్మేవాడు 'అంతా ఒరిజినలే భాయ్' అంటాడు. అది పూర్తి నిజం కాదని అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. ఇరవై ఏళ్లు బొగ్గూ మట్టీ మోసిన బండిలో కంపెనీ నుంచి వచ్చిన సామాను ఎంత మిగులుతుంది? అయినా ఆ ప్రశ్న అడగక మానరు, ఆ జవాబు చెప్పక మానరు.

అస్తిత్వం గురించి రాయమంటే లారీల గురించి రాస్తున్నారేమిటని కొందరికి అనిపించవచ్చు. గోదావరిఖని, రామగుండం మనుషులకు అనిపించదు. ఇక్కడ ఒక మనిషి ఎవరో తెలియాలంటే పేరు అడుగుతారు, ఆ వెంటనే ఏ బాయి అని అడుగుతారు. జీడీకే ఎన్నో నంబరు, ఏ షిఫ్టు, ఏ పని? బాయిలో పని లేనివాడు లారీ మీదో షెడ్డులోనో ఉంటాడు. చేసే పనిని బట్టే మనిషి గుర్తు. అందుకే ఒక బండి తన భాగాలు మారిపోయాక కూడా అదే బండిగా ఉంటుందా అన్నది ఇక్కడ పుస్తకాల ప్రశ్న కాదు. బతుకు ప్రశ్న.

ఈ ప్రశ్నను పెద్దలు ఎప్పుడో అడిగారు. గ్రీకు రాజు మిళిందుడికీ బౌద్ధ భిక్షువు నాగసేనుడికీ మధ్య రథం మీద జరిగిన వాదం మనకు తెలుసు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని ఒక్కొక్కటీ అడుగుతూ పోతే ఏదీ రథం కాదని తేలుతుంది. భాగాలన్నీ కూడినప్పుడు మనం వాడుకునే పేరే రథం. ప్లూటార్క్ రాసిన థీసియస్ ఓడ కథలో పుచ్చిన పలకలు తీసేసి కొత్త పలకలు వేస్తూ పోయారు, అది అదే ఓడ అవునా కాదా అని ఏథెన్సు తాత్వికులు తగాదా పడ్డారు. మన ఇస్లామీ కలాం పండితుల్లో అష్అరీలు ఇంకొంచెం ముందుకు పోయారు. వస్తువుకు ఉండే గుణాలు ఏవీ రెండు క్షణాలు నిలవవు, అల్లాహ్ వాటిని క్షణక్షణం కొత్తగా సృష్టిస్తాడు అన్నారు. ఆ లెక్కన ఏ లారీ కూడా నిన్నటి లారీ కాదు.

ఈ వాదాలన్నీ గొప్పవే. కానీ మూడింటిలో ఒక మనిషి కనిపించడు. ఆ చక్రం మార్చిన వడ్రంగి ఎవరు? ఆ పలక వేసిన మేస్త్రీ ఎవరు? రథం మీద వచ్చినవాడూ, వాదం విన్నవాడూ మాట్లాడారు గానీ, రథం తోలినవాణ్ణి ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాడో చూద్దాం.

మన ప్రాంతంలో రెండు రకాల బండ్లున్నాయి. ఓపెన్ కాస్టు గని కంచె లోపల పెద్ద డంపర్లు తిరుగుతాయి. వాటిలో చాలావాటికి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఉంటుంది. క్లచ్ పెడల్ ఉండదు. ఇంజనుకూ గేర్లకూ మధ్య క్లచ్ ప్లేటు బదులు టార్క్ కన్వర్టర్ అనే డబ్బా ఉంటుంది, దానిలోని నూనె తిరుగుతూ బలాన్ని అందిస్తుంది. నిండు లోడుతో ఎత్తు మీద నిలబడిన బండి కదలాలంటే అది చాలా మేలైన పద్ధతి. కంచె బయట రోడ్డు మీద లారీలు తిరుగుతాయి. వాటిలో పాతవాటి గేరు బాక్సు వేరు. క్లచ్ తొక్కి గేరు న్యూట్రల్‌లోకి తేవాలి. క్లచ్ వదలాలి. కింది గేరుకు పోవాలంటే అప్పుడు యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. దీన్నే డబుల్ క్లచ్ అంటారు. ఇంజను శబ్దం చెవికి పట్టుబడకపోతే గేరు పడదు, పళ్లు కొరుకుతుంది. తర్వాత సింక్రోమెష్ బాక్సులు వచ్చాయి. గేరు పడేముందు ఇత్తడి రింగు రాపిడితో రెండు వైపుల వేగాన్ని సమం చేస్తుంది. చెవి చేసే పనిని రింగు చేస్తుందన్న మాట.

ఒకే ఇంట్లో తండ్రి బయట పాత లారీ నడిపి, కొడుకు లోపల డంపర్ నడిపితే, ఇద్దరూ డ్రైవర్లే అయినా ఒకరి చెయ్యి ఇంకొకరి చెయ్యి కాదు. అప్పుడు ఒక ఆలోచన పుట్టడం సహజం. లోపలి సుఖాన్ని బయటి బండికి తేలేమా? పాత లారీకి కొత్త ఆటోమేటిక్ బాక్సు ఎక్కించలేమా?

ఎక్కించవచ్చు, కానీ అది బోల్టులు విప్పి బిగించే పని కాదు. బెల్ హౌసింగు రంధ్రాలు ఇంజనుకు కలవవు. మధ్యలో లేత్ మీద కోసిన ప్లేటు పెట్టాలి, అది వెంట్రుకవాసి పక్కకు పోయినా షాఫ్టు ఊగి సీళ్లు తినేస్తుంది. కొత్త బాక్సు పొడవు వేరు కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టు కోసి మళ్లీ అతికి బ్యాలెన్సు చేయాలి. కింద దాన్ని మోసే అడ్డకమ్మీ జరపాలి. నూనె వేడెక్కుతుంది కనుక దానికి వేరే కూలర్ కావాలి. కొత్త రకం బాక్సు అయితే దానికి ఎలక్ట్రానిక్ మెదడు ఉంటుంది, పాత డీజిల్ ఇంజను దానికి కావలసిన సమాచారం ఇవ్వలేదు. అందుకే మన షెడ్లలో నిజంగా జరిగేది ఎక్కువగా ఒక మెట్టు కిందిది. పాత బాక్సు తీసి తర్వాతి మోడల్ లారీ సింక్రోమెష్ బాక్సు వేస్తారు. దానికీ క్లచ్ ప్లేటు పళ్లు కలపాలి, షాఫ్టు పొడవు చూడాలి, గేరు రాడ్డు చోటు మార్చాలి. ఉస్తాద్ కొలత చెబుతాడు, షాగిర్దు పానా అందిస్తాడు, టర్నర్ ఇనుము కోస్తాడు. ఈ పనిలో మన మహల్లాల పిల్లలు ఎంతమంది ఉన్నారో షెడ్ల వైపు నడిచి చూసిన వాళ్లకు చెప్పనక్కర లేదు. బడి మానేసిన పిల్లవాడికి అదే మదరసా, అదే కాలేజీ.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఈ లారీ అదే లారీనా?

చట్టాన్ని అడిగితే ఆర్సీ చూడమంటుంది. అందులో చాసిస్ నంబరు ఉంటుంది, ఇంజను నంబరు ఉంటుంది. గేరు బాక్సు నంబరు ఉండదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట చెప్పిన వివరాలకు తేడా పడేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. కానీ ఆర్సీలో గేరు బాక్సుకు గడే లేదు. కాగితం దృష్టిలో ఆ లారీలో ఏమీ మారలేదు. డ్రైవర్‌ను అడగండి. మొత్తం మారిపోయింది అంటాడు. రోజుకు వందలసార్లు అతని ఎడమ చెయ్యీ ఎడమ కాలూ బండితో మాట్లాడేది అక్కడే. కాగితానికి కనబడని చోటే మనిషికి అన్నిటికన్నా దగ్గర. గుర్తింపు విషయంలో ఇది మొదట నేర్చుకోవలసిన పాఠం. కాగితం అబద్ధం చెప్పకపోవచ్చు. కానీ దానికి గడి లేని నిజాలు చాలా ఉంటాయి.

ఇంకో మాట. 'ఒరిజినల్' అంటే ఏది? 1954లో టాటాలు జర్మనీ మెర్సిడెస్ బెంజ్ వాళ్లతో కలిసి లారీలు మొదలుపెట్టారు, 1969 దాకా ఆ ఒప్పందం సాగింది. మనం స్వదేశీ అనుకునే బండి పునాది అక్కడిది. చాలా కాలం కంపెనీ అమ్మింది చాసిస్, ఇంజను మాత్రమే. క్యాబిన్, తొట్టి కట్టింది విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వడ్రంగులు, కమ్మరులు, పెయింటర్లు. అంటే లారీ పుట్టుకలోనే కలగలుపు ఉంది. దాన్ని ఒరిజినల్ అని ఒకరు, డూప్లికేట్ అని ఒకరు ముద్ర వేస్తున్నారంటే, ఏదో ఒక రోజును పట్టుకొని 'ఇక్కడి నుంచి లెక్క' అని వాళ్లే గీత గీశారన్న మాట. ఆ గీత గీసే అధికారం ఎవరిచ్చారన్నదే అస్తిత్వ ప్రశ్న.

మనకు ఈ గీతలు కొత్త కావు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బాయిలో రెండూ కలిసిన భాష మాట్లాడేవాణ్ణి ఒకరు 'నువ్వు అసలు ముసల్మానువేనా' అంటారు, ఇంకొకరు 'నువ్వు అసలు తెలుగువాడివేనా' అంటారు. రెండు ప్రశ్నలూ పాత బండ్ల బేరం దగ్గరివే. అడిగేవాడికి కావలసింది నిజం కాదు, ధర తగ్గించడం.

అయితే మార్పు అంతా మంచిదే, ఎవరూ ఏమీ అడగకూడదు అంటే అది కూడా తప్పే. గేరు బాక్సు మారితే బ్రేకుల పని మారుతుంది. పాత పద్ధతిలో దిగుడు మీద కింది గేరులో వేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. టార్క్ కన్వర్టర్ ఉన్న బండిలో ఆ పట్టు చాలాసార్లు సడలుతుంది. పెద్ద డంపర్లలో అందుకే రిటార్డర్ అని వేరే ఏర్పాటు పెడతారు. అది లేకుండా సుఖం ఒక్కటే తెచ్చుకుంటే భారమంతా బ్రేకు లైనర్ల మీద పడుతుంది, అవి కాగిపోతాయి. అప్పుడు ముందు పోయే ఆటోలోని మనిషి బతుకు మన మార్పు మీద ఆధారపడి ఉంటుంది. అతను మన బండి బాగుకు ఒప్పుకున్నవాడు కాదు, దానివల్ల లాభం పొందేవాడూ కాదు. కాబట్టి మార్పు నా ఇష్టం అనడానికి ఒక హద్దుంది. నా మార్పుకు ఖరీదు కట్టేది నేనే అయినంత వరకే అది నా ఇష్టం.

ఇంకొక ఖరీదు కూడా ఉంది. డబుల్ క్లచ్ నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. క్లీనరుగా చేరి, తిట్లు తిని, రాత్రిపూట ఖాళీ రోడ్డు మీద ఉస్తాద్ దయతో నేర్చుకున్న విద్య అది. కొత్త బాక్సు వచ్చాక ఆ విద్య అవసరం లేదు. మోకాలి నొప్పి తగ్గుతుంది, అది మేలే. నొప్పిని సంస్కృతి అని పొగడడం నొప్పి లేనివాళ్ల అలవాటు. కానీ నొప్పితోపాటు డ్రైవర్ విలువ కూడా తగ్గితే? 'ఇప్పుడు ఎవడైనా నడుపుతాడు' అని ఓనరు జీతం తగ్గిస్తే?

మన బొగ్గు ప్రాంతం ఈ కథను పెద్ద ఎత్తున చూసింది. తట్టలతో బొగ్గు మోసి టబ్బులు నింపే ఫిల్లర్ల పని ఎంత కఠినమో ఆ నడుములకే తెలుసు. యంత్రాలు దిగాయి, ఓపెన్ కాస్టులు పెరిగాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు సుమారు నలభై వేలకు వచ్చింది. కంపెనీ పేరు 1920 నుంచి అదే. బొగ్గు తగ్గలేదు. నడుము మీది బరువు దిగింది, నిజమే. ఆ బరువుతోపాటు నౌకరీ కూడా దిగిపోయింది.

రామగుండం ఎరువుల ఫ్యాక్టరీని చూడండి. బొగ్గుతో ఎరువు చేసిన పాత ఎఫ్‌సీఐ 1999లో మూతపడింది. అదే నేల మీద 2021లో కొత్త కంపెనీ గ్యాసుతో యూరియా తీయడం మొదలుపెట్టింది. ఇంజను మారింది, బాక్సు మారింది, ఆర్సీ మీద పేరు కూడా మారింది. నేల మాత్రం అదే. 1999లో రోడ్డున పడ్డవాడు గేటు దగ్గర నిలబడి 'ఇది మా ఫ్యాక్టరీయేనా' అని అడిగితే నాగసేనుడి జవాబు సరిపోదు. అతను భాగాల గురించి అడగడం లేదు. మార్పులో తన వాటా గురించి అడుగుతున్నాడు.

కాబట్టి నాకు తోచింది ఇది. ఒక వస్తువు అదే వస్తువుగా నిలిచేది దాని భాగాల వల్ల కాదు, దాని లెక్క ఎవరో మోస్తున్నందువల్ల. ఏం తీశారు, ఏం వేశారు, ఎందుకు వేశారు, దానివల్ల ఎవరికి సుఖం, ఎవరికి ప్రమాదం, ఎవరి పని పోయింది. ఈ లెక్క తెరిచి చెప్పగలిగిన బండిలో ప్రతి బోల్టూ మారినా అది నిజాయితీ గల బండే. ఏమీ మార్చకుండా, అరిగిన బ్రేకులను 'అంతా ఒరిజినల్' అనే మాట కింద దాచి అమ్మేది దొంగ బండి. తూకం సరిగ్గా తూచమన్న మాట మన దీన్‌లో ఎంత గట్టిగా ఉందో అందరికీ తెలుసు. సరుకులోని లోపం చెప్పి అమ్మడం కూడా ఆ తూకంలో భాగమే.

ఇప్పుడు కాగితాలు బండి వయసును కూడా లెక్కిస్తున్నాయి. 2021లో వచ్చిన స్క్రాపింగ్ విధానం తర్వాత, 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దవుతోంది. పొగ తగ్గాలి, ప్రమాదాలు తగ్గాలి, అందులో వాదం లేదు. కానీ పుట్టిన తేదీని చూసి తీర్పు చెప్పడం వేరు, బ్రేకు తొక్కి చూసి తీర్పు చెప్పడం వేరు. మొదటిది సులువు. రెండోదే న్యాయం.

చివరగా, మనిషి లారీ కాడు. ఈ పోలిక ఇక్కడే ఆగాలి. లారీకి నోరు లేదు. దానిలో ఏం మారిందో ఉస్తాద్ చెప్పాలి, ఓనరు చెప్పాలి. మనిషికి నోరుంది. తనలో ఏది పాతది, ఏది కొత్తది, ఏది అమ్మమ్మ నుంచి వచ్చింది, ఏది బాయిలో పక్కవాడి నుంచి వచ్చింది, వీటిలో ఏది తనదని ఎంచుకున్నాడో అతనే చెబుతాడు. బానెట్ ఎత్తి చూసే హక్కు ఎవరికీ లేదు. లారీని కొనేటప్పుడు దిగుడు మీద ఆగుతుందా అని అడగండి. మనిషి ఎదురైతే ఒరిజినలేనా అని అడగడం మానేసి, అతను చెప్పేది వినండి.