మనవాళ్ళ మీద వార్త రాయవచ్చా?

పదో తరగతి అయ్యాక ఏం చదువుతావని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. జర్నలిజం అంటే కొందరు "టీవీలో కనబడతావా?" అని నవ్వుతారు. కొందరు "అందులో జీతాలుండవమ్మా" అంటారు. జీతం మాట అబద్ధమేమీ కాదు. చిన్న ఊళ్ళలో విలేకరిగా మొదలుపెట్టేవాళ్ళలో చాలామందికి నెల జీతం ఉండదు. అచ్చయిన వార్త పొడుగును బట్టి డబ్బులిస్తారు. పండగలకి ప్రకటనలు తెస్తే కమీషన్ వస్తుంది. ఈ ప్రకటనల సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని అవసరం వస్తుంది.

నన్ను పట్టుకున్నది జీతం సంగతి కాదు, మా నాన్నగారు అన్న మాట. "ఏమైనా రాయి, కానీ మనవాళ్ళ గుట్టు పేపర్లో పెట్టకు. ఒడియావాళ్ళ మధ్య బతుకుతున్నాం" అన్నారు.

ఈ మాటని పిరికి మాట అని కొట్టిపారేయలేను. బరంపురంలో మనం బడిలో తెలుగు చదువుతాం, బజారులో ఒడియా మాట్లాడతాం. ఎక్కువమంది ఉన్న చోట ఒకడు తప్పు చేస్తే వాడి పేరే చెబుతారు. తక్కువమంది ఉన్నవాళ్ళలో ఒకడు తప్పు చేస్తే "ఆ భాషవాళ్ళు ఇంతే" అంటారు. అంటే ఒక్కడి మీద రాసిన వార్త అందరికీ తగులుతుంది. మరి అలాంటి చోట విలేకరి తనవాళ్ళ తప్పు రాయవచ్చా? తనవాళ్ళ కోసం నోరు మూసుకోవడం ధర్మమా?

మన ఊళ్ళోనే ఒకప్పుడు ఇది తిరగేసి ఉండేది. 1936 దాకా గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉంది. కచేరీల్లో, బడుల్లో తెలుగుదే పైచేయి అయిందని, తమ మాట వినేవాడు లేడని అప్పుడు ఒడియావాళ్ళు బాధపడేవారు. శశిభూషణ్ రథ్ గారు 1913లో బరంపురం నుంచి 'ఆశా' అనే పత్రిక మొదలుపెట్టి, 1928లో దాన్ని దినపత్రిక చేశారు. తమవాళ్ళ కష్టం పైవాళ్ళకి వినిపించాలని పెట్టిన పత్రిక అది. అలా రాయడానికి ధైర్యం కావాలి, నిజమే. కానీ ఆ ధైర్యాన్ని సొంతవాళ్ళు మెచ్చుకుంటారు. సొంతవాళ్ళ తప్పు సొంతవాళ్ళకే చెప్పేవాడిని ఎవరు మెచ్చుకుంటారు?

కందుకూరి వీరేశలింగం గారిని అప్పట్లో చాలామంది మెచ్చుకోలేదు. ఆయన 1874లో 'వివేకవర్ధని' పెట్టి, తానుండే రాజమండ్రిలోనే లంచాలు తీసుకునేవాళ్ళ గురించి రాశారు. 1881లో మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఆయన ఇంటికి వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు కూడా దొరకలేదు. మాస్టార్లు ఈ ప్రశ్నకి ఆయన్నే ఉదాహరణగా చెబుతారు. కానీ నాకు ఇది సగమే సరిపోతుంది. ఆయన తెలుగువాళ్ళ తప్పుని తెలుగువాళ్ళకి తెలుగులో చెప్పారు. ఇక్కడ నేను రాస్తే ఒడియా పత్రికలో రాయాలి. చదివేది ఊరంతా.

అందుకని మన ఊరి సరుకే ఒకటి తీసుకుని ఆలోచించాను. బరంపురం పట్టుకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ చీర మగ్గం మీద నేయడానికి రోజులు పడుతుంది. పడుగు సిద్ధం చేయడం, కండెలు చుట్టడం, అంతా కలిపితే ఇంటిల్లిపాదీ పని. ఇప్పుడు ఒక దుకాణంలో మరమగ్గం మీద తయారైన పాలియెస్టర్ చీరని బరంపురం పట్టు అని అమ్ముతున్నారనుకుందాం. నిజంగా ఎక్కడో జరిగిందని చెప్పడం లేదు, అనుకుందాం అంతే. కనిపెట్టడం కష్టం కాదు. ఒక పోగు తీసి కాలిస్తే, పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళతో నలిపితే పొడి అయిపోతుంది. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూస అవుతుంది. ఆ దుకాణదారు మన తెలుగాయనే. ఉగాదికి మన సభకి చందా ఇచ్చే మనిషి.

ఈ వార్త రాస్తే మనవాళ్ళ పరువు పోతుందంటారు. సరే. కానీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న నేతాయన ఎవరు? ఆయనా తెలుగువాడే. నకిలీ చీర చవగ్గా దొరుకుతుంటే ఆయన చీర ఎవరు కొంటారు? ఆయన కూలి పోతే అది మాత్రం మనవాళ్ళ పరువు కిందికి రావడం లేదు. ఇక్కడే నాకు అనుమానం వచ్చింది. "మనవాళ్ళు" అన్నప్పుడు మనకి ముందు గుర్తొచ్చేది వేదిక మీద కుర్చీలో కూర్చునే మనిషి. నేతాయన గుర్తురాడు. అలాంటప్పుడు విలేకరి మౌనంగా ఉంటే మనవాళ్ళందరినీ కాపాడినట్టు కాదు, ఒకరిని వదిలేసి ఇంకొకరిని కాపాడినట్టు.

పి. సాయినాథ్ గారు వి.వి. గిరి గారి మనవడు. గిరి గారు పుట్టింది మన బరంపురంలోనే కాబట్టి ఈ సంగతి మా బడిలో ఏడాదికి ఒక్కసారైనా వినబడుతుంది. సాయినాథ్ గారు 1993లో ఫెలోషిప్ తీసుకుని బీద జిల్లాలు తిరిగారు. మన రాష్ట్రంలో నువాపడా, కలహండి, మల్కన్‌గిరి కూడా వెళ్ళారు. అక్కడి సంగతులతో 1996లో పుస్తకం వచ్చింది. 2007లో మెగసెసే అవార్డు ఇచ్చారు. నాకు ఆయనంటే చాలా గౌరవం. అయినా ఒక తేడా చెప్పాలి. ఆయన ముంబై నుంచి వచ్చి రాసి వెళ్ళగలిగారు. ఊళ్ళో విలేకరి మర్నాడు పొద్దున అదే వీధిలో పాలు తెచ్చుకోవాలి. పైగా తను అడగవలసిన పండగ ప్రకటన ఆ దుకాణాయన దగ్గరే ఉంటుంది! జీతం ఇవ్వకుండా ప్రకటనలు తెమ్మనే పద్ధతి ఉన్నన్నాళ్ళూ కొత్త విలేకరిని మాత్రమే నిజాయితీగా ఉండమనడం నాకు న్యాయంగా అనిపించదు.

అయినా రాయాలనే నా అభిప్రాయం. ఎలా రాయాలన్నదే పెద్ద పని. ముందు ఆ దుకాణాయన దగ్గరికి వెళ్ళి అడగాలి. ఆయన్ని కూడా టోకు వ్యాపారి మోసం చేసి ఉండొచ్చు, బిల్లు చూపించవచ్చు. ఆయన జవాబు వార్తలో ఉండాలి, చివర ఒక ముక్కగా కాదు, పైనే. నేతాయన మాట ఉండాలి. దుకాణం పేరు రాయాలి గాని "తెలుగు వ్యాపారి" అని రాయకూడదు, ఎందుకంటే చీర నకిలీ అవడానికి భాష కారణం కాదు. ఇంకో మాట, పక్క ఒడియా దుకాణంలో కూడా పోగు కాల్చి చూడాలి. మనవాళ్ళ మీదే రాసి మంచి పేరు కొట్టేయడం కూడా ఒక రకం పక్షపాతమే.

ఇదంతా నాన్నగారికి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. కొంచెంసేపు ఊరుకుని, "ఆ దుకాణాయన కూతురు నీ స్నేహితురాలు అయితే?" అన్నారు. వార్త అచ్చవకముందే ఆ అమ్మాయికి చెబితే ఆ రాత్రికే సరుకు మాయమవుతుంది. చెప్పకపోతే పొద్దున్నే పేపర్లో చూసుకుంటుంది. నేను ఇంకా ఆయనకి జవాబు చెప్పలేదు.