ముక్తసరి మనుషులు

మేనకోడలికి,

ఉత్తరం అందింది. మీ ఊరి ఫైర్ స్టేషనులో వాలంటీరుగా చేరావనీ, పగటి డ్యూటీలో ఉండే ఇద్దరు జీతం మనుషులు నీతో ముక్తసరిగా మాట్లాడుతున్నారనీ, రాత్రి వచ్చే వాలంటీర్లు మాత్రం మొదటి రోజే పిజ్జా పెట్టి, భుజం తట్టి ఇంటిపిల్లలా చూసుకున్నారనీ రాశావు. ఒకళ్ల మీద అప్పుడే కోపం, ఇంకొకళ్ల మీద ప్రేమ పెంచేసుకున్నావు. తొందరపడ్డావమ్మా. నన్నడిగితే నీ గురించి ఎక్కువగా ఆలోచిస్తున్నది ఆ ముక్తసరి మనుషులే.

వాళ్లు అక్కడికి ఎందుకొచ్చారో ముందు తెలుసుకో. నువ్వున్న పెన్సిల్వేనియాలో జీతం లేకుండా మంటలార్పడం చాలా పాత ఆచారం. 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టినప్పుడు, తోలు బకెట్లు, సామాను తరలించే సంచులు సభ్యులే ఎవరివి వాళ్లు సమకూర్చుకున్నారు. 1970లలో ఈ రాష్ట్రంలో వాలంటీర్లు దాదాపు 3 లక్షలు ఉండేవాళ్లట. 2018లో చట్టసభ వేసిన కమిషన్ లెక్కకి 38 వేలయ్యారు. చిన్న ఊళ్లలో పనులు పోయాయి. జనం గంటేసి కారు నడిపి ఉద్యోగాలకి పోతున్నారు. పగలు పదిగంటలప్పుడు ఇల్లంటుకుంటే ఊళ్లో మిగిలేది ముసలివాళ్లూ, బళ్లో పిల్లలూ. అందుకని పగటికి ఇద్దరు ముగ్గుర్ని జీతానికి పెట్టుకుని, రాత్రుళ్లూ సెలవులూ వాలంటీర్లకి వదిలారు. కాంబినేషన్ డిపార్ట్‌మెంట్ అని గొప్పగా పిలిచేది దీన్నే.

ఇప్పుడు నీ సంగతి చూడు. నువ్వు ఇంట్లో కూర్చుని కంప్యూటర్ పని చేసుకునేదానివి. అంటే పగలు ఊళ్లో ఉండే వాలంటీరువి. రాత్రి మనుషులకి నువ్వు ఇరవయ్యో మనిషివి, పగటివాళ్లకి మూడోదానివి. వాళ్ల చూపు అలా ఉండక ఎలా ఉంటుంది?

ఇక్కడొక నియమం ఉంది. పొగ నిండిన ఇంట్లోకి ఇద్దరు కలిసి వెళ్లాలి. వాళ్లకేదైనా అయితే లోపలికి దూకడానికి సిలిండర్లు తగిలించుకుని బయట ఇద్దరు సిద్ధంగా ఉండాలి. ఫెడరల్ కార్మిక భద్రతా నిబంధనల్లో ఉన్నదే ఇది. ఏ ఊరికి ఎంతవరకు చట్టంగా వర్తిస్తుందన్నది లాయర్ల గొడవ, పాటించడం మన గొడవ. లోపల మనిషి చిక్కుకున్నాడని తెలిస్తే మినహాయింపు ఉంది. లేకపోతే ఇద్దరితో వెళ్లిన ఫైరింజన్ గుమ్మం ముందు ఆగి, మిగిలిన ఇద్దరి కోసం ఎదురుచూడాల్సిందే. పైగా మీ ఊరి శివార్లలో హైడ్రెంట్లు లేవన్నావు. ఇంజన్ ట్యాంకులో 750 గ్యాలన్లు ఉన్నాయనుకో, నిమిషానికి 150 గ్యాలన్లు పోసే గొట్టం అయిదు నిమిషాల్లో దాన్ని ఊడ్చేస్తుంది. ఈలోపు టాంకరు రావాలి, మడత తొట్టి పరవాలి, పక్క ఊరివాళ్లు అందుకోవాలి. ఆ అయిదు నిమిషాల్లో నువ్వు ఏమేం చెయ్యగలవో, ఏమేం చెయ్యలేవో ఆ ఇద్దరికీ ముందే తెలిసుండాలి. నిన్ను పలకరించకపోవడం మర్యాద కాదు, ఒప్పుకుంటాను. కానీ మర్యాద కోసం నువ్వు అక్కడ చేరలేదు.

ఆ రాత్రివాళ్ల పిజ్జా స్నేహం గురించి కూడా కొంచెం చెప్పాలి. 1949 ఆగస్టు 5న మోంటానాలోని మాన్ గల్చ్ అనే లోయలో అడవి మంటార్పడానికి పారాషూట్లతో దిగిన జట్టు కథ విను. వాళ్లు పదిహేను మంది, కింద ఒక అటవీ గార్డు కలిశాడు. మంట హఠాత్తుగా లోయ ఇవతలికి దూకి, ఎండుగడ్డి వాలు మీద వాళ్ల వెనకే పరుగెత్తుకొచ్చింది. నాయకుడు వాగ్నర్ డాడ్జ్ ఆగి, తన ముందున్న గడ్డికి తానే నిప్పుపెట్టి, అది కాలిన చోట బూడిదలో పడుకుని, మిగతావాళ్లని రమ్మని కేకేశాడు. కాలిపోయిన నేలని మంట మళ్లీ కాల్చదు కదా. ఒక్కరూ వెళ్లలేదు. పిచ్చెక్కిందనుకున్నారో ఏమో, పక్కనుంచే కొండ పైకి పరుగు తీశారు. ఇద్దరు మాత్రం శిఖరం మీద రాళ్ల సందుని దాటి బతికారు. పదమూడు మంది పోయారు. డాడ్జ్ బతికాడు.

ఆ కుర్రాళ్లు పిరికివాళ్లూ కారు, మూర్ఖులూ కారు. అలా ముందున్న గడ్డి కాల్చి ఆ బూడిదలో తలదాచుకోవడం వాళ్ల శిక్షణలో లేదు. పైగా వంతుల జాబితా ప్రకారం ఎక్కించిన మనుషులు వాళ్లు, ఆ నాయకుడితో కలిసి తర్ఫీదు పొందిన జట్టు కాదు. సాయంత్రాలు కలిసి నవ్వుకున్న మనుషులే అయ్యుండొచ్చు. కానీ ఎన్నడూ చూడని పనిని ఒక మనిషి చెయ్యమన్నప్పుడు కాళ్లు అటు తిరగాలంటే, ఆ మనిషి చేతిపనిని అంతకుముందు చూసి ఉండాలి. ఆ చూడడం జరిగేది డ్రిల్ రాత్రే. అందుకని ఏది మానినా డ్రిల్ మానకు. స్టేషను నిధుల కోసం బార్బిక్యూ చికెన్ అమ్మే ఆదివారాలకీ, బింగో రాత్రులకీ నువ్వు రాకపోతే ట్రెజరర్ నాలుగు మాటలంటాడు, అనుభవించు.

గుడ్డిగా నమ్మమనడం లేదు, అదీ విను. 2001 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో లెయిర్డ్స్‌విల్ అనే పల్లెలో, పాడుబడ్డ ఇంట్లో నిజం మంటలతో శిక్షణ పెట్టారు. కొత్తగా చేరిన పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ని, చిక్కుకున్న మనిషిలా నటించమని మేడ మీద పడుకోబెట్టారు. నిజమైన మంటలో ఎయిర్ ప్యాక్ తగిలించుకున్న అనుభవం అతనికి లేదు. కింది అంతస్తులో సోఫా పరుపు అంటుకుని, పొగా వేడీ పైకి ఎగదన్నాయి. అతను చనిపోయాడు. శిక్షణ నడిపిన అధికారికి కోర్టులో శిక్ష పడింది. మంటల శిక్షణలో బతికున్న మనిషిని బాధితుడిగా పెట్టకూడదని ఎన్‌ఎఫ్‌పీఏ 1403 అనే అగ్నిమాపక శిక్షణ ప్రమాణం అప్పటికే చెప్పింది.  కొత్తవాడు ఎదురు ఎలా చెప్తాడు? పెద్దలు చెప్పారు, చేశాడు. మన ఇళ్లలో పెరిగిన పిల్లలకి ఈ జబ్బు ఇంకాస్త ఎక్కువ. పెద్దవాళ్ల మాటకి ‘కాదు’ అనడం మీకు నేర్పలేదు మేము. అక్కడ నేర్చుకో. ‘నాకింకా ఆ మాడ్యూల్ అవలేదు, లోపలికి రాను’ అని నలుగురి ముందూ అనగలగాలి. మీ శిక్షణలోని నాలుగు మాడ్యూళ్లలో ఇంటీరియర్, అంటే లోపలి పని, ఆఖరిది. అది పూర్తయ్యేదాకా బయటి పనే చెయ్యి. పంపు దగ్గర గొట్టాలు కలుపు, సిలిండర్లు మార్చు, ఎవరు లోపలికెళ్లారో ట్యాగులు చూసుకో. చిన్న పని అనుకోకు. లోపలున్నవాళ్లని లెక్కపెట్టడం కన్నా పెద్ద పని నాకైతే తెలీదు.

ఆ ముక్తసరి ఇద్దరితో ఎలా మెలగాలంటావా? మాటలతో దగ్గరవ్వాలని చూడకు. మధ్యాహ్నం నీకు మీటింగులు లేని గంట చూసుకుని స్టేషనుకి వెళ్లు. కళ్లకి గంతలు కట్టుకుని గొట్టం వెంట పాకడం, అతుకు మీద గుబ్బల్ని గ్లౌజుల చేత్తో తడిమి పంపు ఎటుందో పోల్చుకోవడం, రేడియోలో మేడే అని ఆపద పిలుపు ఇవ్వడం, ఇవి నువ్వు చేస్తుంటే చూస్తూ ఉండమని అడుగు. తప్పు చేస్తే తిడతారు. తిట్టించుకో. మేడే అనడానికి సిగ్గుపడి ఆలస్యం చేసేవాళ్లే ఎక్కువని అనుభవం ఉన్నవాళ్లంతా చెప్తారు. సిగ్గు పోయేది పదిసార్లు పైకి అన్నాకే. ముప్పై నిమిషాలని రాసున్న సిలిండర్ నీకు నిజంగా ఎన్ని నిమిషాలొస్తుందో వాళ్ల ముందే కొలుచుకో. ఆ అంకె నీకూ, వాళ్లకీ కూడా కావాలి.

అటు వాలంటీర్ల బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ‘మనం సేవకి వచ్చాం, వాళ్లు జీతానికి వచ్చారు’ అనే మాట వినబడుతుంది. తలూపకు. ఆ జీతం మనిషి పక్క ఊళ్లో వాలంటీరుగా కూడా చెయ్యాలనుకుంటే, యూనియన్ నియమాలు అడ్డొచ్చేచోట్లు ఉన్నాయి. టూ హ్యాటర్, అంటే రెండు టోపీలవాడు, అని తోటివాళ్లే ఎద్దేవా చేస్తారు. వాళ్లకీ వాళ్ల ఇరకాటాలున్నాయి. అలాగే అటువైపు నుంచి ‘వీళ్లు సరదాకొచ్చే బాపతు’ అని వినబడితే, దానికి జవాబు నోటితో ఇవ్వకు.

మీ అమ్మ ఫోన్ చేసింది. మన దేశంలో ఫైర్ స్టేషనంటే ప్రభుత్వ ఉద్యోగం, జీతం, పెన్షను. జీతం లేకుండా మంటల్లోకి వెళ్లడమేంటని నన్ను నిలదీసింది. చిన్నప్పుడు మా పేటలో పాక తగలబడితే నాన్న బిందె పట్టుకుని బావి దగ్గర వరసలో నిలబడ్డాడు కదే అక్కా, ఆయనకెవరిచ్చారు జీతం అన్నాను. కాసేపు తిట్టి ఊరుకుంది. కానీ ఆవిడ భయం ఉత్తదేం కాదు. ఈ పనిలో చచ్చిపోయేవాళ్లలో చాలామందిని తీసుకుపోయేది మంట కాదు, గుండెపోటు. స్టేషనుకి పోయే దారిలో కారు ప్రమాదాలూ ఉన్నాయి. కారు మీద వాలంటీర్ల నీలం లైటు పెట్టుకున్నంత మాత్రాన ఎర్ర సిగ్నల్ నీకు పచ్చది కాదు. రోజూ నడువు, రెండు నిమిషాలు ఆలస్యంగా చేరు, పర్వాలేదు. 

నీ ఉత్తరం చివర్లో, పాత స్టాకులోంచి ఇచ్చిన బూట్లు ఒక సైజు పెద్దవనీ, రెండు జతల మేజోళ్లతో సర్దుకుంటున్నాననీ రాశావు. నిచ్చెన మీద ఆ బూటు జారితే కింద పట్టుకున్నవాడి మీదే పడతావు. రేపు పొద్దున్నే వెళ్లి ఆ ముక్తసరి వాళ్లలో ఒకరికి చెప్పి మార్పించుకో. సరిపోయే జత వచ్చేదాకా నిచ్చెన ఎక్కనని కూడా చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య