రంగు కుదరని పిల్లలు

మెక్సికో దేశంలో పాట్స్‌క్వారో అనే సరస్సు ఉంది. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. అక్కడ పుట్టిన ఒక పొట్టి జాతి క్రేఫిష్ ఇవాళ నాందేడ్‌లో మా ఇంటి గాజు తొట్టిలో బతుకుతోంది. బొటనవేలంత ప్రాణి, రొయ్యకు పీత గోళ్లు తగిలించినట్టుంటుంది. సరస్సులో దాని రంగు మట్టిగోధుమ. 1990లలో నెదర్లాండ్స్‌లో పెంపకందార్లు నారింజ రంగు తేలినవాటిని ఏరి, వాటిలో వాటికే జత కలిపి, తరం తర్వాత తరం వడగట్టి నారింజ రకాన్ని నిలబెట్టారు. మా ఇంట్లోవి ఆ సంతతే.

నేను బ్యాంకులో పద్దులు చూసే ఉద్యోగిని. బి.కాం. చదువు నాకు నేర్పిన సంగతి ఒకటే: ప్రతి జమకూ ఎదురుగా ఎక్కడో ఒక ఖర్చు రాసి ఉంటుంది. రంగుల పెంపకంలో జమ కళ్లకు ఇంపుగా కనిపిస్తుంది. మరి ఖర్చు ఎక్కడ రాశాం?

ఆడది ఒక్కో విడతకు కొన్ని పదుల గుడ్లు తోక కింద మోస్తుంది. మూడు నాలుగు వారాలు వాటికి నీళ్లు ఆడిస్తూ కాపాడుకుంటుంది. పిల్లలు ఎదిగాక కొన్ని నిగనిగలాడే నారింజ, కొన్ని వెలిసిపోయిన రంగు, ఒకటీ అరా తాతల నాటి గోధుమ. మంచి రంగు నిలవాలంటే మిగతావాటిని జతకు దూరంగా ఉంచాలి. ఇంతవరకు పేచీ లేదు. తర్వాత వాటిని ఏం చేయాలి? కొందరు పెద్ద చేపలకు మేతగా వేస్తారు. కొందరు చంపడానికి చేతులు రాక నదిలో వదిలేస్తారు. మొదటివాడు కఠినుడనీ, రెండోవాడు దయగలవాడనీ లోకం అంటుంది. నాకలా తోచదు.

"మనిషి ఎప్పుడూ ఏరుకుంటూనే ఉన్నాడు కదా" అంటారు మిత్రులు. నిజమే. మన జిల్లాలోని కంధార్ పేరు మీదనే ఎర్ర కంధారీ పశుజాతి ఉంది. ఆ ఎరుపు కూడా తరతరాలుగా ఏరుకున్నదే. కానీ ఎరుపు కాస్త తగ్గిన కోడె కూడా నాగలి లాగుతుంది, బండి లాగుతుంది. రైతు దానికీ మేత వేస్తాడు. దాని విలువలో రంగు ఒక పాలు మాత్రమే. మా తొట్టిలో రంగే సర్వస్వం. రంగు తప్పితే ఆ ప్రాణికి పద్దే లేదు.

ఇంకో చిత్రం చూడండి. సరస్సు బురదలో నారింజ రంగుది శత్రువు కంట ముందు పడుతుంది, గోధుమది తప్పించుకుంటుంది. తొట్టిలో ఇదంతా తలకిందులు. ప్రాణి అదే, కొలత మారింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీతో బతికే మనకు ఈ సంగతి ఒకరు చెప్పాలా?

ఇక నదిలో వదలడం. గోదావరి మన ఊరు దాటి, ధర్మాబాద్ ప్రాంతం మీదుగా పోయి, కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. మనం వదిలింది అక్కడి జాలరి వలలో తేలవచ్చు. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియం చేపగా వచ్చిన సక్కర్ చేప తెలుగు రాష్ట్రాల నీళ్లలో చేరి జాలర్ల వలలు పాడుచేస్తోంది. 1990లలో జర్మనీ అక్వేరియాల్లో కనిపించిన మచ్చల క్రేఫిష్ మగతోడు లేకుండానే పిల్లల్ని కంటుంది. అది మడగాస్కర్ దాకా పాకింది. 2016లో యూరోపియన్ యూనియన్ దాన్ని నిషేధ జాబితాలో చేర్చింది. మా పొట్టిది చల్లని నీటి ప్రాణి. మన మే నెల ఎండకు నదిలో చస్తే దానికి హింస, బతికితే నదికి ముప్పు. మేతగా వేసినవాడు కనీసం తన లెక్క తాను తేల్చుకున్నాడు. నదిలో వదిలినవాడు తన బాకీని ఊరివాళ్ల ఖాతాకు మార్చాడు.

అందుకని నేను పెట్టుకున్న నియమం ఇది: చోటెంతో పిల్లలంతే. రంగు కుదరనివాటికి రెండో తొట్టి సిద్ధమయ్యాకే జత కలపాలి. చోటు నిండితే ఆడామగలను వేరు చేయాలి. అవి బతికేదే ఒకటి రెండేళ్లు. అయ్యే ఖర్చు ఒక తొట్టి, ఒక గాలి మోటారు, రోజూ చిటికెడు మేత. వేసవిలో మంచు కట్టిన నీళ్ల సీసా నారింజవాటి తొట్టిలో ఒకటి తేలితే, గోధుమవాటి తొట్టిలోనూ ఒకటి తేలాలి. చూడవచ్చినవాళ్లు రెండో తొట్టి వైపు కన్నెత్తరు. పద్దు సరిపోయిందో లేదో తెలిసేది మాత్రం ఆ తొట్టిలోనే.