బర్తిమయిని అడిగిన ప్రశ్న
(మార్కు 10:46-52)

యెరికో త్రోవప్రక్కను బర్తిమయి కేకవేసినప్పుడు జనులు అతనిని గద్దించిరి. ప్రభువైతే నిలిచి, అతనిని పిలిపించి, తాను ఏమి చేయవలెనో అతనినే అడిగెను. గ్రుడ్డివానికి కావలసినది చూపే గదా, అడుగనేల? అయినను ఆయన అడిగెను.

లోకము ఆ ప్రశ్న అడుగుటకు చాల ఆలస్యము చేసెను. వికలాంగుల హక్కులకై అంతర్జాతీయ ఒడంబడిక కావలెనని 2001లో మెక్సికో దేశము ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించెను. మన ఆసియా, పసిఫిక్ దేశములు అప్పటికే 1993 మొదలు 2002 వరకు వికలాంగుల దశాబ్దమును కలిసి ఆచరించుచుండెను. 2002లో జపానులోని ఓత్సు పట్టణమున కూడి, రాబోవు పదియేండ్లకు ప్రణాళిక వ్రాసికొనెను. 2003లో బ్యాంకాకున ఈ దేశములవారు ఒడంబడికకు ముసాయిదా సిద్ధపరచిరి. అధికారులు వ్రాయగా వికలాంగులు బయట కనిపెట్టుకొని యుండలేదు; వారును బల్లయొద్ద కూర్చుండిరి. బర్తిమయి మాటలాడెనన్నమాట! 2006 డిసెంబరు 13న సమితి ఒడంబడికను ఆమోదించెను. మన దేశము 2007 అక్టోబరు 1న ధ్రువీకరించెను.

మా సంఘపు సంగతి చెప్పుటకు సిగ్గగుచున్నది. మా గుడికి మూడు మెట్లున్నవి. చంకకఱ్ఱలతో నడచు సహోదరుని ప్రతి ఆదివారము ఇద్దరము ఎత్తి లోపల కూర్చుండబెట్టుచు, కపెర్నహూములో పక్షవాయువుగలవానిని మోసిన నలుగురివలె నున్నామని లోలోపల సంతోషించితిమి. మెట్లు బాగుచేయించు దినమున ఒక పెద్ద అతనిని అడిగెను. ప్రక్కను చేతిపట్టు ఒకటి పెట్టించిన చాలుననెను. అందరియెదుట ఎత్తబడుట తనకు ఎన్నడును ఇష్టము కాలేదట. పదునొకండేండ్లు మేమతనిని అడుగనేలేదు.