లంగర్‌లో రోటీ, ఇంట్లో రోటీ

ఢిల్లీ యాత్రకు వెళ్లినవాళ్లు బంగ్లా సాహిబ్ లంగర్ చూసే ఉంటారు. ఆడవాళ్ల పక్కనే మగవాళ్లూ కూర్చుని రోటీలు ఒత్తుతారు. పిండి కలుపుతారు, కూరగాయలు తరుగుతారు, నిలువెత్తు గిన్నెలు తోముతారు. దుకాణం యజమానీ డ్రైవరూ ఒకే వరుసలో ఉంటారు. ఎవరికీ నామోషీ లేదు. ఆ మనిషే ఇంటికి వచ్చాక మంచినీళ్లు కూడా కూర్చున్న చోటికే రావాలంటాడు. గురువు ఇంట్లో సేవ అయిన పని, తన ఇంట్లో తక్కువ పని ఎలా అయింది?

సమాజశాస్త్రం చదివినవాళ్లు దీనికి ఒక మాట వాడతారు: పాత్ర. రాల్ఫ్ లింటన్ అనే అమెరికా పండితుడు 1936లో రాసిన పుస్తకంలో అంతస్తు వేరు, పాత్ర వేరు అని విడదీసి చూపించాడు. తండ్రి, కోడలు, పెద్దకొడుకు అన్నవి అంతస్తులు. ఆ చోట ఉన్నవాళ్లు చేయాలని నలుగురూ అనుకునే పనులే పాత్ర. తెలుగులో పాత్ర అంటే గిన్నె కూడా కదా. రేకు వంచి గిన్నెలు, బకెట్లు చేసిన కులం మనది. ఏ పాత్రా ఆ ఆకారంతో పుట్టదని, ఎవరో కొడితేనే ఆ వంపు వచ్చిందని మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

1955లో టాల్కట్ పార్సన్స్ అనే మరో అమెరికా పండితుడు, సంపాదించి తెచ్చేది భర్త, ఇంటినీ మనసులనూ చూసుకునేది భార్య, కుటుంబం నిలబడేది ఈ పంపకం మీదే అన్నాడు. అందులో నిజం కొంత ఉంది. ఇద్దరూ ఒకే పని మీద పడితే రెండోది ఆగిపోతుంది. అయితే ఆయన కళ్ల ముందున్నవి భర్త ఆఫీసుకు వెళ్లే, భార్య ఇంట్లో ఉండే అమెరికా ఇళ్లు. కొలిమి ఉన్న ఇల్లు ఆయన చూడలేదు. కొలిమి దగ్గర భర్త సుత్తి ఎత్తితే భార్య తిత్తి ఆడించేది. బకెట్లు తలమీద పెట్టుకుని వీధి వీధీ తిరిగి బేరమాడి అమ్మిందీ ఎక్కువగా ఆమే. బయట ఎక్కడో, లోపల ఎక్కడో గీత గీయడానికి ఆ గుడిసెలో చోటే లేదు. అయినా ఎవరైనా వచ్చి సంపాదించేది ఎవరని అడిగితే మనవాళ్లు మగవాడి పేరే చెప్పేవారు. పని ఇద్దరిదీ, పేరు ఒకరిది.

ఆ పేరున్న మనిషి ఒక్కరోజులో లేకుండా పోతే ఏమవుతుందో ఢిల్లీలో మన బిరాదరీ చూసింది. 1984 నవంబరు మొదటి మూడు రోజుల్లో ఆ నగరంలో 2,733 మంది చనిపోయారని ఆహూజా కమిటీ లెక్క. సుల్తాన్‌పురి ఎ-4 బ్లాకులో చనిపోయినవాళ్లు సిక్లీగర్లు, మనవాళ్లు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం బోధించిన వీణా దాస్ ఆ వీధుల్లో బతికి బయటపడ్డ ఆడవాళ్ల మధ్య పనిచేసి, వాళ్ల గురించి రాశారు. ఆమె రాతల్లో మన పేరు సిగ్లీకర్ అని కనిపిస్తుంది. ఆ ఆడవాళ్లు తల దువ్వుకోకుండా, స్నానం చేయకుండా ఇళ్ల ముందు అలాగే కూర్చున్నారట. 1990లో అచ్చయిన ఒక వ్యాసానికి ఆమె పెట్టిన పేరును తెలుగులో చెప్పాలంటే, ఏడవడం మా పని, వినడం మీ పని. దుఃఖంలో కూడా పంపకం ఉందన్నమాట. ఆడవాళ్లు తమ వంతు పని చేశారు. వినాల్సినవాళ్లు తమ వంతు చేశారా అన్నది వేరే ప్రశ్న.

తర్వాత వాళ్లలో చాలా కుటుంబాలకు తిలక్ విహార్‌లో ఫ్లాట్లు ఇచ్చారు. జనం దానికి విధవా కాలనీ అని పేరు పెట్టారు. అక్కడి వాళ్ల పాత్ర ఏమిటో లోకం ఆ పేరుతోనే తేల్చేసింది. కానీ ఆ ఆడవాళ్లు విధవలుగా కూర్చోలేదు. చాలామందికి ప్రభుత్వ స్కూళ్లలో, ఆఫీసుల్లో నీళ్లిచ్చే, ఊడ్చే, ఫైళ్లు మోసే చిన్న ఉద్యోగాలు దొరికాయి. గడప దాటనివాళ్లు బస్సు నంబర్లు నేర్చుకున్నారు, కోర్టుల్లో సాక్ష్యం చెప్పారు. తండ్రి చేయాల్సిందంతా తల్లి తీసుకుంది. తల్లి చేసే పనిని ఎవరు తీసుకున్నారు? ఎవరూ తీసుకోలేదు. ఉద్యోగం ముగించి వచ్చి ఆమే పొయ్యి వెలిగించింది. ఆ కాలనీలో కొందరు పిల్లలు మత్తుకు అలవాటు పడ్డప్పుడు, తల్లి ఇంట్లో లేదు కాబట్టి చెడిపోయారన్నారు. మిగిలిన బాబాయిలు, మేనమామలు, బిరాదరీ పెద్దలు సాయంత్రం ఆ పిల్లల దగ్గర ఎందుకు కూర్చోలేదని అడిగినవాళ్లు తక్కువ.

నాకు ముఖ్యంగా తోచేది ఇదే. అవసరం వస్తే మగవాడి పాత్ర ఆడదాని మీదికి ఒక్కరోజులో వస్తుంది. ఆడదాని పాత్ర మగవాడి మీదికి నలభై ఏళ్లయినా రాదు. ఢిల్లీ దాకా ఎందుకు, మన బస్తీల్లో చూడండి. అమ్మ సామాను అమ్మడానికి వెళ్లిన రోజున ఆమె పని నాన్నకు రాలేదు. ఎనిమిదో తరగతి చదివే కూతురికి వచ్చింది. తమ్ముణ్ణి ఎత్తుకుని, అన్నం వండి, ఆ పిల్ల బడి మానేసింది. రెండేళ్ల తర్వాత పిల్లకు చదువు ఎక్కలేదు అంటాం.

ఇది మన ఒక్కరి రోగం కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. అసలు చేయని మగవాళ్లు ఈ సగటులో లేరు, వాళ్లను కలిపితే ఇంకా పడిపోతుంది. 2024లో మళ్లీ లెక్కిస్తే 289, 88 అయ్యాయి. ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గాయి, మగవాళ్లు కూడా తొమ్మిది తగ్గించుకున్నారు!

ఇందులో మగవాడికి లాభం ఉందని అనుకోకండి. 1878 ఆయుధ చట్టం తర్వాత లైసెన్సు లేకుండా కత్తులు చేయడం నేరమైంది. మనవాళ్లు తాళాలకు, బకెట్లకు మళ్లారు. తర్వాత ప్లాస్టిక్ బకెట్ వచ్చింది, ఫ్యాక్టరీ తాళం వచ్చింది. సంపాదన ఒక్కటే తన పాత్ర అనుకున్న మనిషికి ఆ సంపాదన పోయాక ఇంట్లో చేయడానికి ఏమీ మిగల్లేదు. పొయ్యి తనది కాదు, పిల్లల చదువు తనది కాదు. సొంత ఇంట్లో చుట్టమై కూర్చుంటాడు. సాయంత్రం సీసా దగ్గరికి వెళ్లేది చాలాసార్లు ఆ ఖాళీ వల్లనే.

గురు ఘర్‌లో ఈ ఖాళీ లేదు. గురు నానక్ దేవ్ జీ సంసారం వదిలి పొమ్మనలేదు, ఇంట్లో ఉండే నడవమన్నారు. గురు అంగద్ దేవ్ జీ కాలంలో లంగర్ నడిపిన మాతా ఖీవీ జీ పేరు గురు గ్రంథ్ సాహిబ్‌లోనే ఉంది, సత్తా బల్వండ్‌ల వార్‌లో, ఆమె వడ్డించిన నెయ్యి పాయసంతో సహా. వంట చేసే చేతిని అంత ఎత్తున పెట్టారు. గురు అమర్ దాస్ జీ పర్దాను, సతిని కాదన్నారు. ఇక ఢిల్లీ మాటే తీసుకుంటే, 1708లో దశమ గురువు నాందేడ్‌లో జ్యోతిలో లీనమైన తర్వాత ఆ నగరంలోనే ఉండి, 1747 వరకు పంథ్‌కు దారి చూపినవారు మాతా సుందరీ జీ. భర్త లేరు, కొడుకు సాహిబ్‌జాదా అజిత్ సింగ్ చమ్‌కౌర్‌లో షహీదయ్యారు. అయినా ఆమె పేరుతో హుకుమ్‌నామాలు వెళ్లాయి, భాయీ మణీ సింగ్ జీని అమృత్‌సర్ సేవకు పంపారు. ఆమె ఉన్న చోటును ఎవరూ విధవ ఇల్లు అని పిలవలేదు. ఈరోజు అక్కడ గురుద్వారా ఉంది, ఆ రోడ్డుకే ఆమె పేరు.

మన సంబంధాలు కుదిరేటప్పుడు అమ్మాయిని వంట వచ్చా అని అడగడం మానమని నేను చెప్పను. అడగండి. తర్వాత అటు తిరిగి అబ్బాయిని కూడా అడగండి. గురుపురబ్‌కు లంగర్‌లో రోటీలు చేస్తూ అతని ఫోటో ఫోన్‌లో ఉండే ఉంటుంది. రాదు అనడానికి వీలుండదు.