వెనుకకు జరుగుట ప్రేమలేమియా?



ఎక్స్‌రే తీయువేళ నర్సు రోగిని విడిచి గోడచాటునకు పోవుట చూచి, ఇదేమి సేవయని నీవు నొచ్చుకొనవచ్చును. మన రాచర్ల సీమనుండి నర్సుపనికి పోవు కుమార్తెల నిమిత్తము దీనిని ఆలోచింపుము.

1895లో జర్మనీయందు రాంట్‌జన్ ఈ కిరణములను కనుగొనెను. వాటి హాని యెరుగని తొలినాటి వైద్యులు వట్టిచేతులను వాటి యెదుట నుంచిరి. చేతులు పుండ్లుపడెను, కేన్సరు పుట్టెను. అట్లు మరణించినవారికి 1936లో హాంబర్గునందు స్మారకశిల నిలిపిరి. వైద్యులతోకూడ ఆసుపత్రి సిస్టర్లనును ఆ శిల స్మరించుచున్నది. వారికి ప్రేమ కొదువకాదు, ఎరుక కొదువాయెను.

రోగికి ఆ కిరణము ఎప్పుడో ఒకసారి, తన మేలుకొరకు తగులును. నర్సు జాగ్రత్తపడనియెడల ఆమెకు దినదినము, ఏ మేలును లేకయే తగులును. దూరము రెట్టింపైన కిరణబలము నాల్గవ వంతగును. సీసపు ఏప్రన్ మిగిలినదానిని తగ్గించును. రొమ్మున ధరించు బ్యాడ్జి సోకినదానికి లెక్క చెప్పును. మన దేశ నియమముచొప్పున ఆ లెక్క అయిదేండ్ల సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులు మించరాదు. గర్భవతియైన నర్సు ఆ సంగతి వెంటనే అధికారికి తెలుపవలెను.

పసిబిడ్డను పట్టుకొనవలసినచో, ఏప్రన్ తొడిగిన తండ్రి పట్టుకొనుట మేలు. ప్రతి బిడ్డను నర్సే పట్టుకొనరాదు.

కాబట్టి వెనుకకు జరిగిన నర్సును నిందింపకుము. రేపు వచ్చు రోగికిని ఆ చేతులే కావలెను. ఏప్రన్ ఇయ్యక ఆమెను యంత్రముచెంతకు పంపువారిని అడుగుము: ఆమెయు మీకు పొరుగుది కాదా?