బత్తాయి రైతునకు కావలసినది దయయా, న్యాయమా?

ఆపత్కాలమున ఒకని పంటను మనము కొనినప్పుడు అతనికి ఉపకారము చేసినవారమగుదుమా, లేక మన ఋణమును తీర్చుకొన్నవారమగుదుమా? ఇది పండితులు మాత్రమే చర్చింపదగిన ప్రశ్న కాదు. బజారునుండి పండ్లు తెప్పించుకొను ప్రతి గృహస్థునకును, ప్రతి గృహిణికిని సంబంధించిన ప్రశ్న. 2020వ సంవత్సరమున నల్లగొండ బత్తాయి రైతులు పడిన అవస్థ దీనిని మన యెదుట నిలిపినది.

బత్తాయి ఒక యేటి పైరు కాదు. అంటు నాటినది మొదలు కాపునకు వచ్చువఱకు నాలుగైదేండ్లు నీరు పెట్టి పెంచవలెను. వానలు తక్కువైన ఆ సీమలో బోరుబావి యెండినచో చెట్టును బ్రదికించుకొనుటకే రైతు అప్పులపాలగును. అట్టి తోటలలో వేసవి కాపు కోతకు వచ్చు తరుణమున, 2020 మార్చి 25వ తేదీన, కోవిడు కారణమున దేశమంతటను లాక్‌డౌను మొదలయ్యెను. వ్యవసాయపు సరకుల రవాణాకు ప్రభుత్వము మినహాయింపు నిచ్చినను లారీలు చాలలేదు. కోత కూలీలు కదలలేకపోయిరి. ఢిల్లీ మొదలగు దూరపు విపణులకు సరకు సాగుట కష్టమయ్యెను. బత్తాయి విశేషముగా రసమునకే వినియోగపడును. పండ్లరసపు దుకాణములో, మూతపడియుండెను. పండిన కాయ చెట్టున కొన్నాళ్లు నిలుచును గాని, మన కష్టములు తీరువఱకు నిలువదు.

అప్పుడు నాటి తెలంగాణ ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు సి విటమిను గల నిమ్మ, బత్తాయి వంటి పండ్లను తినవలసినదిగా ప్రజలను కోరిరి. సంచార వాహనములు పండ్లను హైదరాబాదు వీధులకు తెచ్చెను. జనులు కొనిరి, రైతునకు కొంత ఊఱట కలిగెను. ఇది మెచ్చదగిన పనియే. అయినను ఇక్కడ రెండు విషయములు విచారింపవలసియున్నవి.

మొదటిది సత్యమునకు సంబంధించినది. 1747లో జేమ్సు లిండు అను ఓడ వైద్యుడు స్కర్వీ రోగముతో బాధపడు 12 మంది నావికులను జంటలుగా విభజించి చికిత్స చేయగా, నారింజలు, నిమ్మపండ్లు తిన్న జంటయే శీఘ్రముగా కోలుకొనెను. స్కర్వీ సి విటమిను లోపమువలన కలుగునదని తరువాత తేలినది. అంతమాత్రమున బత్తాయి కోవిడునకు మందు కాజాలదు. అట్లు ఏ పరిశోధనయు నిరూపింపలేదు. రైతు మేలుకొఱకైనను అనృతమాడరాదు. భయముచేత కొన్నవాడు భయము తీరగానే మానుకొనును. మంచి పండు మంచి పండనియే అమ్ముడుపోవలెను.

రెండవది న్యాయమునకు సంబంధించినది. కాయలు తూచునప్పుడు 'సూటు' అను పేరిట కొంత బరువును తగ్గించి వెలకట్టు ఆచారమును గూర్చి రైతులు ఏండ్లతరబడి మొఱపెట్టుకొనుచునే యున్నారు. ఈ ఆచారము అంటురోగము తెచ్చినది కాదు. ఆరోగ్యకాలమున మనము సహించినది. ఒక చేత తూకమున దోచుకొననిచ్చి, వేఱొక చేత జాలితో నాలుగు పండ్లు కొనుట ధర్మమగునా?

'ఇల్లు కాలుచుండగా న్యాయవిచారణ యెందులకు? ముందు నీళ్లు చల్లుడు' అని కొందఱందురు. నిజమే. దయ లేనిచో ఆ వేసవిలో ఇంకను ఎన్నో కాయలు చెట్లక్రిందనే కుళ్లియుండెడివి. కాని దయకు మఱపు సహజము. న్యాయము ఏర్పాటుగా నిలువగలదు. అదే సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన, బత్తాయిని చీనీ యని పిలుచు అనంతపురమునుండి ఢిల్లీకి పండ్లతో కిసాను రైలు బయలుదేరెను. రెండువేల కిలోమీటర్లకు మించిన ఆ దారిని లారీకంటె త్వరగా దాటుటకు రైతులకు సాధనము దొరకెను. తరువాత పండ్ల రవాణా రుసుములో సగము రాయితీగా లభించెను. ఇందు ఎవరి కన్నీటినిగాని అడుగవలసిన పని లేదు. సరకునకు మార్గము కల్పించుటయే జరిగినది.

కావున చదువరులారా, ఆపదలో రైతును తలచుకొనుట మంచిదే. ఆపద లేనప్పుడు తలచుకొనుట అంతకంటె మంచిది. మన మిచ్చిన రూపాయిలో తోటవానికి ఎంత చేరినదో అడుగుదము. సరియైన తూకమును, నిలుకడయైన రవాణాను పాలకులనుండి కోరుదము. రైతు మన వాకిట నిలిచి యాచించుట లేదు. తన కాయల పూర్తి బరువునకు వెల అడుగుచున్నాడు.